బొగ్గు చుక్క పెట్టిన గుడ్లు

కుమ్మరి గురవయ్య ఇంటి వెనక ఎప్పుడూ మూడు కుప్పలు ఉంటాయి. చెరువు నుంచి తెచ్చిన బంకమట్టి కుప్ప ఒకటి, కుండలు కాల్చే ఆవం కోసం దాచిన పిడకల కుప్ప ఒకటి, ఆవంలో పగిలిపోయిన కుండల పెంకుల కుప్ప ఒకటి. మూడింట్లోనూ పెద్దది మూడోదే. గురవయ్య పనితనం గురించి నేను ఇంతకన్నా చెప్పను, మనిషి మాత్రం మంచివాడు.

ఆ పెంకుల కుప్ప పక్కన, మెడ విరిగిన ఒక పాత బానలో సవలమ్మ అనే పెట్టకోడి గుడ్లు పొదుగుతోంది. బానలో గడ్డి వేసి కూర్చోబెట్టింది గురవయ్య భార్య ఆదెమ్మ. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గడ్డిలో ఒక ఇనుప మేకు, ఒక ఎండు మిరపకాయ, ఒక బొగ్గు ముక్క కూడా పెట్టింది. ఆ ఊళ్ళో ఎవరైనా అలాగే పెడతారు. ఆ తర్వాత మాత్రం సవలమ్మ వినేటట్టే అంది:

"రెండు సార్లు కూర్చుంది, ఒక్క పిల్లా దిగలేదు. ఈసారి కూడా అంతే అయితే ఇది కూరకి తప్ప ఇంక దేనికీ పనికిరాదు."

తప్పు సవలమ్మది కాదు. రెండు సార్లూ గుడ్లు తిన్నది కంచె అవతలి పుట్టలో ఉండే ఉడుము. పొదిగే కోడి రోజుకొక్కసారే గూడు దిగుతుంది. నాలుగు గింజలు ఏరుకుని, నీళ్ళు తాగి, వెంటనే వచ్చి కూర్చుంటుంది. ఆ కాస్త సేపు చాలు ఉడుముకి. కానీ ఈ సంగతి ఆదెమ్మకు ఎవరు చెబుతారు? కోడి చెబితే మనుషులకు కొక్కొక్కో అనే వినిపిస్తుంది.

ఈసారి సవలమ్మ కింద పన్నెండు గుడ్లు ఉన్నాయి. తొమ్మిది తనవి. మూడు తుంగమ్మవి. తుంగమ్మ అంటే ఆ పెరట్లో బాతు. బాతులకు గుడ్లు పెట్టడం వచ్చినంత బాగా కూర్చోవడం రాదు. అందుకే వాటి గుడ్లను కోడి కింద పెట్టడం అలవాటు. బాతు గుడ్డుకు వారం ఎక్కువ పడుతుందని తుంగమ్మ గుడ్లను వారం ముందే పెట్టారు.

"వదినా, మూడే ఉన్నాయి. నీ చేతుల్లో పెడుతున్నా," అంది తుంగమ్మ.

"నాకు చేతులెక్కడివే? రెక్కల కింద పెట్టుకుంటాలే, వెళ్ళు," అంది సవలమ్మ.

మాట అలా తేలిగ్గా అనేసింది కానీ ఉడుము గుర్తొస్తే ఆమెకు ముద్ద దిగడం లేదు. సరిగ్గా అప్పుడే కంచె దగ్గర సింగన్న కనిపించాడు.

సింగన్న నక్క. నక్కలకు తెలివి ఎక్కువని అంటారు, నేను ఒప్పుకోను. వాటికి తీరిక ఎక్కువ, అంతే. పగలంతా నీడలో పడుకుని ఇతరుల గురించి ఆలోచిస్తే ఎవరికైనా నాలుగు ఉపాయాలు తడతాయి.

"చెల్లెమ్మా, బాగున్నావా?"

"బాగుండనిచ్చేవాళ్ళు ఉంటే బాగానే ఉంటా. నువ్వు అక్కడే ఉండి మాట్లాడు."

"లోపలికి రాను తల్లీ. గంతయ్య మామ కాలు ఎంత దూరం వస్తుందో నాకు తెలుసు."

గంతయ్య గురవయ్య గాడిద. కిందటేడు సింగన్న ఆదెమ్మ కోడిపిల్లల మీద కన్నేసినప్పుడు గంతయ్య ఒక్క తన్ను తన్నాడు. ఆ తన్నుకు సింగన్న ఎడమ పక్క పళ్ళన్నీ పోయాయి. అప్పటినుంచి కుడి పక్కనే నమలుతాడు.

"నీ కష్టం విన్నాను చెల్లెమ్మా. ఆ ఉడుము గుడ్డును కొరకడు, మింగేస్తాడు. మింగేవాడికి రుచి ఏం తెలుస్తుంది? కాబట్టి వాడికి అసలు గుడ్లెందుకు? బొమ్మ గుడ్లు పెడదాం."

"బొమ్మ గుడ్లా?"

"ఇక్కడే మట్టి ఉంది. మీ గురవయ్య ఆవం ఉంది. కుండల మీద ముగ్గులు వేయడానికి తెచ్చిన సుద్ద ఉంది. మట్టితో గుడ్డు చేసి, కాల్చి, పైన సుద్ద పూస్తే నువ్వే నీదనుకుని కూర్చుంటావు. కంచె పక్కన ఒక దొంగ గూడు కట్టి అందులో ఐదు పెడదాం. వాడి దారిలో ముందు అదే తగులుతుంది."

గంతయ్య మేత నమలడం ఆపాడు. "వీడి నోట గుడ్డు అనే మాట వింటేనే నా వెనక కాలు దురద పెడుతోంది."

"మామా, పాత సంగతులు వదిలెయ్. నేను అడిగేది ఏముంది? ఈ పెరట్లోకి వచ్చిపోయే చనువు. అంతే."

సవలమ్మ ఆలోచించింది. ఆమెకు ఇంకో దారి లేదు. సరేనంది.

సింగన్నకు పని వచ్చు, అది మాత్రం ఒప్పుకోవాలి. గురవయ్య తొక్కి మెత్తగా చేసిన మట్టి తీసుకుని, గుండ్రంగా చుట్టి, ఒక కొస సన్నంగా తీర్చాడు. ఆవం పేర్చిన రోజు కుండల సందుల్లో దోపాడు. తీశాక సుద్ద పూశాడు. పక్కన పెడితే ఏది కోడి పెట్టిందో ఏది నక్క చేసిందో చెప్పడం కష్టం. గురవయ్య కుండలు సగం పగిలాయి, సింగన్న గుడ్డు ఒక్కటీ పగల్లేదు.

మూడో రోజు ఉడుము వచ్చింది. కంచె పక్కన గూడు చూసింది. అటూ ఇటూ చూడకుండా రెండు మింగింది. మూడోది మింగబోయి ఆగింది. పొట్ట నేలకు ఆనుకుపోయింది. పుట్ట వైపు నడవబోతే రెండు మట్టి గుడ్లూ లోపల ఒకదానికొకటి తగిలి టక్కు టక్కుమన్నాయి. పుట్ట కంత దగ్గరికి వెళ్ళింది, తల పట్టింది, పొట్ట పట్టలేదు. పెరట్లో అందరూ ఆ తమాషా చూశారు. సాయంత్రానికి అది కక్కుకుంటూ చెరువు గట్టు దాటి పోయింది. మళ్ళీ ఆ పక్కకు రాలేదు.

సవలమ్మకు రెండేళ్ళ బరువు దిగినట్టయింది. "అన్నా, నీ మేలు మరిచిపోను," అంది. నిజంగానే అంది. గంతయ్య కూడా ఆ రోజు సింగన్న దగ్గరికొచ్చినా కాలు కదపలేదు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. సింగన్న ఆగలేదు.

"చెల్లెమ్మా, ఒక ఉడుము పోయింది. ఇంకోటి రాదని ఏముంది? ఈసారి అసలు గూడే కనిపెడితే? అందుకని నీ గూట్లో కూడా మూడు బొమ్మ గుడ్లు కలిపి పెట్టుకో. వచ్చినవాడు ముందు అదే మింగుతాడు, భయపడి పారిపోతాడు."

"నాకే తేడా తెలియకపోతే?"

"అదీ ఆలోచించాను. బొమ్మ గుడ్డు సన్నటి కొసకి చిన్న బొగ్గు చుక్క పెట్టాను. చుక్క ఉంటే నాది. చుక్క లేకపోతే నీది. ఇదే మన గుర్తు. ఇంకో మాట. నువ్వు మేతకు దిగే వేళకి గంతయ్య మామ మట్టి మొయ్యడానికి చెరువుకు పోతాడు. ఆ కాస్త సేపు నేనొచ్చి గూడు కాపలా కాస్తాను."

పైన చూరు మీద కూర్చున్న కాటుకమ్మ ఇదంతా వింది. కాటుకమ్మ కాకి. ఎవరూ అడక్కుండానే సలహా చెప్పే మనిషి. మనిషి కాదు, మీకు అర్థమైందిగా. సింగన్న వెళ్ళాక కిందికి దిగింది.

"ఏమే సవలా, దొంగ కోసం చేసిన నకిలీని దొంగ దారిలో పెట్టు, బాగుంది. నీ రొమ్ము కింద ఎందుకు పెట్టుకుంటున్నావు?"

"మూడేగా అక్కా. చుక్క పెట్టి మరీ ఇచ్చాడు."

"నీకు తెలీదు. ఏటా నా గూట్లో కోకిల గుడ్డు పెట్టి పోతుంది. నేను నాదనుకుని పొదుగుతాను. నా నోటి ముద్ద పెడతాను. రెక్కలొచ్చాక అది కుహూ అంటుంది. అప్పటికి నా సొంత పిల్లలు రెండు చచ్చి ఉంటాయి. నకిలీది ఊరికే ఉండదే. మన వేడి తింటుంది."

"నువ్వు ప్రతిదానికీ అంతే అక్కా. మంచి చేసినవాణ్ణి అనుమానిస్తే ఎలా?"

"సరే, తుంగమ్మకైనా చెప్పు. దాని మూడు గుడ్లు నీ దగ్గర ఉన్నాయి."

"దానికి చెబితే ఊరంతా బకబకమంటుంది. తర్వాత చెబుతాలే," అంది సవలమ్మ.

చెప్పలేదు. పన్నెండు గుడ్లకు మూడు కలిసి పదిహేనయ్యాయి. తుంగమ్మ వచ్చి తొంగి చూసి, "పిల్లలు ఎక్కువవుతున్నాయే వదినా!" అని సంబరపడింది. సవలమ్మ నవ్వి ఊరుకుంది.

ఆ మర్నాటి నుంచి సింగన్న కాపలాకు రావడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం సవలమ్మ దిగుతుంది. సింగన్న నోట్లో ఒక బొమ్మ గుడ్డు దాచుకుని వస్తాడు. చుక్క లేని గుడ్డు ఒకటి తీస్తాడు, దాని చోట చుక్క ఉన్నది పెడతాడు, కోడి గుడ్డుకు చిన్నది, బాతు గుడ్డుకు పెద్దది. సవలమ్మ వచ్చేసరికి బాన పక్కన బుద్ధిగా కూర్చుని ఈగలు తోలుతుంటాడు.

"అన్నీ ఉన్నాయి చెల్లెమ్మా. చూసుకో."

సవలమ్మ ముక్కుతో ఒక్కొక్కటీ ముట్టి చూసుకునేది. పదిహేను. కూర్చునేది.

చుక్కలు చూడలేదా అంటారా? చూసింది. కోడి గుడ్లను రోజూ దొర్లిస్తుంది, చూడకుండా ఎలా ఉంటుంది? నాలుగో రోజు, "అదేంటి, చుక్కలు ఎక్కువైనట్టున్నాయి," అనుకుంది కూడా. కానీ గూట్లో ఆదెమ్మ పెట్టిన బొగ్గు ముక్క ఉంది కదా. గుడ్లు దొర్లిస్తుంటే ఆ ఉరుముల బొగ్గు తగిలి మసి అంటుకుందని తనకు తనే సర్ది చెప్పుకుంది. ఉరుముల నుంచి కాపాడాలని పెట్టిన బొగ్గు అలా దొంగను కాపాడింది. పిడుగు పడ్డా తట్టుకునే గూడు అది, నక్క ముందు నిలవలేదు.

అలా ఏడు రోజులు గడిచాయి. పిల్లలు దిగడానికి మూడు రోజులే ఉంది. ఆ సాయంత్రం తుంగమ్మ ఒక పెద్ద పెంకులో నీళ్ళు తెచ్చి నీరెండలో పెట్టింది. పెంకు ఈడ్చింది గంతయ్యే అనుకోండి.

"వదినా, నీళ్ళు గోరువెచ్చగా అయ్యాయి. నా గుడ్లు ఒకసారి వేసి చూద్దామా? లోపల పిల్ల ఉంటే గుడ్డు తేలి తల ఊపుతుంది కదా. నాకు నిద్ర పట్టడం లేదు."

ఇది పాతకాలం పరీక్ష. పొదిగే ఆడవాళ్ళందరికీ తెలుసు. సవలమ్మ కాదనలేదు. తుంగమ్మ పెద్ద గుడ్లు మూడూ జాగ్రత్తగా దొర్లించుకొచ్చింది.

మొదటిది తేలింది. రెండు క్షణాలాగి చిన్నగా అటూ ఇటూ ఊగింది. తుంగమ్మ తోక ఊపుకుంటూ గిర్రున తిరిగింది.

రెండోది బుడుంగున మునిగింది. మూడోదీ మునిగింది. చూస్తుండగానే సుద్ద కరిగి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. అడుగున రెండు ఎర్రటి మట్టి గుడ్లు పడి ఉన్నాయి.

గిర్రున తిరుగుతున్న బాతు ఆగిపోయింది. ఆ తర్వాత తుంగమ్మ చాలా మెల్లగా అడిగింది.

"వదినా, ఇన్నాళ్ళూ నా పిల్లలని చెప్పి నాకు మట్టి చూపించావా?"

"తుంగా, నేను కాదే! నాకు తెలీదు!"

"మట్టి గుడ్లు గూట్లో ఉన్నాయని తెలీదా?"

"అది తెలుసు. కానీ..."

"తెలిసి నాకు చెప్పలేదు. నా రెండు గుడ్లు ఏం చేశావు వదినా? తిన్నావా?"

సవలమ్మకు ఏడుపొచ్చింది. ఒట్టు వేసింది, దేవుడి మీద ప్రమాణం చేసింది. ఏం లాభం? ఉడుము రెండుసార్లు గుడ్లు తిన్నప్పుడు కూడా ఇంత బాధ పడలేదు. అప్పుడు ఆమెను ఎవరూ దొంగ అనలేదు.

మిగతా గుడ్లన్నీ నీళ్ళలో వేశారు. నాలుగు తేలాయి. ఎనిమిది మునిగాయి. ఏడు రోజుల్లో సింగన్న ఏడు గుడ్లు తిన్నాడు. మొత్తం మీద ఊపిరి ఉన్నవి ఐదు మిగిలాయి, నాలుగు కోడివి, ఒకటి బాతుది. ఇన్నాళ్ళూ సవలమ్మ పది మట్టి ముద్దలకు తన ఒంటి వేడి పోసింది.

కాటుకమ్మ చూరు దిగి వచ్చింది. "నేను ముందే చెప్పాను" అనాలని ఆమెకు చాలా ఉంది. అయినా అనలేదు. కాకి జన్మలో అంత పెద్ద మంచి పని ఇంకోటి చేసి ఉండదు.

గంతయ్య అన్నాడు, "రేపు నేను చెరువుకు పోను. కుంటినట్టు నటిస్తా. వాడు రాగానే ఒక్కటిస్తా."

"ఇవ్వు మామా, కానీ తర్వాత ఇవ్వు. ఇప్పుడు తంతే ఏమీ ఎరగనట్టు ఏడుస్తాడు. వాడు తిన్నాడని తుంగమ్మ ముందు ఎలా రుజువు చేస్తాను? ఎల్లుండి ఇంకో పెరటి కోడికి బొమ్మ గుడ్లు పట్టుకెళ్తాడు. వాడి నోటితోనే వాడి సంగతి బయటపడాలి," అంది సవలమ్మ.

"ఎలా?"

"వాడు ఏది అసలో ఎలా తెలుసుకుంటున్నాడు? చుక్క చూసి. ఇన్ని రోజులు నా కింద ఉండి మట్టి గుడ్లకు నా వాసనా నా వేడీ పట్టాయి. చేసినవాడికే తేడా తెలీదు. వాడు నమ్మేది ఆ చుక్క ఒక్కదాన్నే."

"చుక్కలు మారుస్తావా?"

"మారుస్తాను."

గంతయ్య కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచన కూడా బరువు మోస్తున్నట్టే నడుస్తుంది. "అమ్మాయ్, ఒకటడుగుతా. చుక్క ఉంటే బొమ్మది అని ఒప్పుకున్నారు. ఇప్పుడు మనం మార్చేస్తే మనమూ మోసం చేసినట్టే కదా?"

"మోసమే మామా. కాదనను. కానీ ఈ మోసంలో వాడు నష్టపోవాలంటే వాడు దొంగతనం చేయాలి. కాపలా కాస్తానన్నవాడు కాపలా కాసి పోతే వాడి వెంట్రుక కూడా ఊడదు. నేను ముందు చేసిన తప్పు అలాంటిది కాదు. తుంగమ్మ ఏ తప్పూ చేయలేదు, అయినా నష్టపోయింది." ఆమె బాతు వైపు తిరిగింది. "తుంగా, నువ్వు నన్ను నమ్మక్కర్లేదు. ఒక్కసారి విను. ముందు నీకు చెప్పి, నువ్వు సరే అంటేనే బొగ్గు ముట్టుకుంటాను. ఎందుకంటే ఆ గూట్లో నీది కూడా ఒకటి ఉంది. వాడు అనుమానపడితే అదీ పోతుంది."

తుంగమ్మ నీళ్ళ పెంకు వదిలి బాన దగ్గరికి నడిచింది. తర్వాత గూట్లోంచి బొగ్గు ముక్క తీసుకుని తన గుడ్డు కొసకి తనే చుక్క పెట్టింది.

"నాది నేనే పెట్టుకుంటాను," అంది. క్షమించానని మాత్రం అనలేదు.

ఊపిరి ఉన్న ఐదు గుడ్లకూ చుక్కలు పెట్టారు. మట్టి గుడ్లకు మళ్ళీ సుద్ద పూశారు. పూసింది తుంగమ్మ రెక్కలే. ఐదింటిని మాత్రం చుక్క లేకుండా వదిలి, మిగతా ఐదింటికీ చుక్క పెట్టారు. సింగన్న లెక్క తెలిసినవాడు. చుక్క లేనివి ఐదు ఉండాలని వాడికి గుర్తుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం గంతయ్య మామూలుగానే చెరువుకు పోయాడు. సింగన్న వచ్చాడు. ఈసారి ఎవరో పారేసిన చేపల బుట్ట ఒకటి పట్టుకొచ్చాడు.

"అదెందుకన్నా?" అంది సవలమ్మ.

"ఎండ చెల్లెమ్మా. నెత్తి మీద పెట్టుకోవడానికి."

సవలమ్మ గూడు దిగింది. జొన్నలు చల్లిన చోటికి వెళ్ళింది. గింజలు ఏరుతున్నట్టు ముక్కు నేల మీద ఆడించింది. వెనక్కి తిరిగితే వాడికి అనుమానం వస్తుంది. తుంగమ్మ తొట్టి దగ్గర నీళ్ళు తాగుతున్నట్టు ముక్కు ముంచి అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎక్కడో గడ్డి కదిలిన చప్పుడు వినిపించింది. ఆ కాస్త సేపూ సవలమ్మకు ఇరవయ్యొక్క రోజుల కన్నా ఎక్కువైంది.

ఆమె తిరిగి వచ్చేసరికి గూడు చిందరవందరగా ఉంది. బాన చుట్టూ గోళ్ళతో గీసిన గీతలు ఉన్నాయి.

"చెల్లెమ్మా, ఘోరం జరిగిపోయింది!" సింగన్న బయటినుంచే అరిచాడు. "కొత్త ఉడుము! నేను అడ్డం పడ్డాను, ఆగలేదు. చుక్క లేనివన్నీ పట్టుకుపోయింది. దాని వెంట పడతా!" అంటూ బుట్ట పట్టుకుని కంచె దూకాడు.

ఉడుము కోసం ఉత్తి చేతులతో పరిగెత్తేవాళ్ళను చూశాం. బరువైన బుట్టతో పరిగెత్తేవాణ్ణి అప్పుడే చూడటం.

సవలమ్మ గబగబా గూట్లోకి ముక్కు పెట్టింది. చుక్క ఉన్నవి పది. వాటిలో ఒకటి ఆమె ముక్కు తగలగానే లోపలినుంచి టిక్కుమంది. "ఉన్నాయే తుంగా! ఉన్నాయి!" అని కేక పెట్టింది.

సింగన్న తుమ్మచెట్ల చాటున కూర్చున్నాడు. పిల్లలు దిగబోయే గుడ్లు రుచిగా ఉంటాయని వాడికి ఎవరో చెప్పారు. ఏడు రోజులుగా రోజుకొక్కటే తింటూ నిగ్రహంగా ఉన్నాడు. ఇవాళ పండగ. మిగిలిన కుడి పక్క పళ్ళన్నీ కూడగట్టుకుని బలంగా కొరికాడు.

ఒక కోర విరిగింది. వాడికి నమ్మకం కుదరలేదు. పొరపాటున ఒకటి వచ్చి ఉంటుందనుకుని రెండోది కొరికాడు. ఇంకో కోర పోయింది. తన చేతి పని అంత గట్టిగా ఉంటుందని అప్పటిదాకా వాడికి తెలీదు. పాపం, మెచ్చుకునేవాళ్ళు పక్కన లేరు.

తెలివైనవాడైతే అక్కణ్ణుంచి అటే పోయేవాడు. కానీ మోసం చేసేవాడికి తను మోసపోయినప్పుడు వచ్చే కోపం మామూలుది కాదు. సాయంత్రం, గంతయ్య చెరువు నుంచి వచ్చాక, పెరట్లో అందరూ ఉండగా, సింగన్న వాచిన మూతితో కంచె దూకి వచ్చాడు. పళ్ళు లేక మాట సరిగ్గా రావడం లేదు.

"తెల్లెమ్మా! ఇది అన్యాయం! నన్ను మోతం తేతావు!"

"ఏమైందన్నా?"

"తుక్క లేనివి అతలువని కదా మన ఒప్పందం! తుక్కలు మార్తేతావు! గుర్తు అంటే నమ్మకం! గుర్తు మార్తడం ఎంత తప్పు!"

"అవునన్నా. చుక్క లేనివి నా గుడ్లని మన ఒప్పందం. ఉడుము ఎత్తుకుపోయిందని కూడా నువ్వే చెప్పావు. మరి నా గుడ్లు గట్టిగా ఉన్నాయని నీ పళ్ళకు ఎలా తెలిసింది?"

సింగన్న కంచె వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు. తుంగమ్మ తొట్టి దగ్గరనుంచి నడుచుకుంటూ వచ్చి వాడి ఎదురుగా నిలబడింది. బాతు నడక చూసి ఎవరైనా నవ్వుతారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

"నా రెండు ఎలా ఉన్నాయి సింగన్నా? పెద్దవి. మెత్తగానే ఉన్నాయా?" అంది.

వాడు తల దించుకున్నాడు. గంతయ్య మెల్లగా వెనక్కి తిరిగాడు. గాడిద మనకు వీపు చూపిస్తే అలిగిందని అనుకోకూడదు. సింగన్న కంచె దాకా గాల్లోనే వెళ్ళాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల పెరళ్ళలో ఎక్కడా కనిపించలేదు. ఎక్కడో మెత్తటి పళ్ళు ఏరుకుని తింటున్నాడని కాటుకమ్మ చెప్పింది.

రెండు రోజులకు నాలుగు కోడిపిల్లలూ ఒక బాతుపిల్లా దిగాయి. ఆదెమ్మ బుట్ట తెచ్చి చూసి, "ఐదేనా?" అంది. ఆ తర్వాత పిల్లల్ని చీర కొంగులో పోసుకుని, "పోనీలే, ఈసారి నిలబెట్టుకుంది. వచ్చే ఏడు కూడా దీన్నే కూర్చోబెడతా," అంది. సవలమ్మకు కావలసింది ఆ మాటే. అప్పుడు ఆదెమ్మ చేతికి గడ్డిలో ఇంకేదో తగిలింది. ఒక్కొక్కటే తీసింది, ఐదు మట్టి గుడ్లు.

"ఏమయ్యా!" అని మొగుణ్ణి కేకేసింది. "కుండలు చేయమంటే గుడ్లు చేస్తున్నావా?"

గురవయ్య ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "నేను చేసినవి కావు. ఇంత బాగా కాలింది, నాది ఎలా అవుతుంది?" అన్నాడు.

ఆదెమ్మ పెంకుల కుప్ప మీద పడేసిన ఆ మట్టి గుడ్లను సవలమ్మ పోనివ్వలేదు. ఉడుములు ఉన్నాయి కదా. మళ్ళీ కంచె పక్కనే పెట్టింది. పెట్టేముందు పెరట్లో అందరినీ పిలిచి చూపించింది. ఇవి బొమ్మవి, ఇక్కడ ఉన్నాయి, ఇన్ని ఉన్నాయి అని తుంగమ్మకు రెండుసార్లు చెప్పింది. తుంగమ్మ తల ఊపింది. పూర్తిగా క్షమించిందని నేను చెప్పను. మాట్లాడటం మాత్రం మానలేదు.

ఆ మర్నాడు తుంగమ్మ తన ఒక్క పిల్లను వెంటబెట్టుకుని చెరువు అంచుకు వెళ్ళింది. సవలమ్మ నలుగురు పిల్లలతో గట్టు మీద ఆగిపోయింది. నీళ్ళలో బుడుంగున మునిగిన చప్పుడు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. పిల్ల నీళ్ళలోకి దిగింది. సవలమ్మ మెడ చాచి చూసింది.

తేలింది.

దొంగ కోసం పెట్టిన నకిలీ సంగతి మనవాళ్ళకు చెప్పకపోతే, అది ముందు మనవాళ్ళనే మోసం చేస్తుంది.